బిజినెస్ స్కూళ్ల "మైలురాళ్లు" ఎలా చదవాలి? పదకొండేళ్లు ఆ వార్తలు రాసినవాడి సమాధానం

ఖమ్మం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మాయి బీకామ్ పూర్తిచేసి ఐసెట్ రాసింది. యూనివర్సిటీలకు చెందిన మూడు బిజినెస్ స్కూళ్లు చూసి పెట్టుకున్నారు. మూడింటి వెబ్‌సైట్లలోనూ "వార్తలు, మైలురాళ్లు" అని ఒక పేజీ ఉంది. మొదటిదాంట్లో 94 శాతం ప్లేస్‌మెంట్లు, అత్యధిక ప్యాకేజీ 32 లక్షలు అని ఉంది. రెండోదాంట్లో ఒక అంతర్జాతీయ సంస్థలో సభ్యత్వం, ఒక పత్రిక ఇచ్చిన ర్యాంకు. మూడోదాంట్లో రజతోత్సవం, 41 ఎంఓయూలు (వేరే సంస్థలతో అవగాహన ఒప్పందాలు). "ఇందులో ఏది లెక్కలోకి తీసుకోవాలి, ఏది పక్కన పెట్టాలి?" అన్నది ఆయన సందేహం.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ పేజీల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. కానీ దాదాపు ప్రతి వార్తా లవం మాత్రమే చెప్పి హారం చెప్పదు. శాలువాలూ పూలహారాలూ ఫోటో నిండా ఉంటాయి గానీ, గీత కింద ఉండాల్సిన హారం మాత్రం కనిపించదు. కాబట్టి ఏ మైలురాయి కనిపించినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమందిలో? ఎవరు లెక్కపెట్టారు? ఏడాది తర్వాత అది ఏమైంది? ఈ మూడింటికీ జవాబు దొరకని వార్తను తీసి పక్కన పెట్టేయండి. తర్వాత ఒక అరగంట ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్, వివరం కింద చెప్తాను) పీడీఎఫ్‌ల మీద, ఒక గంట అక్కడి రెండో సంవత్సరం పిల్లలతో ఫోన్‌లో గడపండి. వెబ్‌సైట్ అంతా చదివినా రాని విషయం ఆ గంటన్నరలో వస్తుంది.

ఇంత ధీమాగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పేజీలు రాసింది నాలాంటివాళ్లే. ఒక యూనివర్సిటీ బిజినెస్ స్కూల్లో పదకొండేళ్లు పనిచేశాను. మొదట ప్లేస్‌మెంట్ సెల్‌లో, తర్వాత న్యూస్‌లెటరూ ప్రెస్ నోట్లూ చూసే పనిలో. స్కూల్ పేరు చెప్పను. అక్కడ మంచివాళ్లున్నారు, ఇప్పటికీ పండక్కి ఫోన్లు చేసుకుంటాం.

అత్యధిక ప్యాకేజీ గురించి

ఒక ఏడాది మా గేటు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టాం. "అత్యధిక ప్యాకేజీ 27 లక్షలు" అని, పక్కన ఒక కుర్రాడి నవ్వు ముఖం. ఆ ఫ్లెక్సీ ఫైల్ పంపింది నేనే. రాత్రి పదకొండు దాటింది. ఫ్లెక్సీ షాపు కుర్రాడు ఫోన్ చేసి, "సార్, ఫోటో పెద్దది చేస్తే పగిలిపోతోంది, ఇంకోటి పంపండి" అన్నాడు. ఆ స్టూడెంట్‌కి ఫోన్ చేశాను. అతను మొహమాటపడుతూ, "సార్, నా ఫోటో ఎందుకండీ? నేను క్యాంపస్‌లో రాలేదు కదా" అన్నాడు.

నిజమే. అతను ఎంబీఏకి ముందు ఆరేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాడు. పాత మేనేజర్ దుబాయ్‌లో కొత్త కంపెనీకి మారి ఇతన్ని పిలుచుకున్నాడు. మా స్కూల్ చేసిందల్లా అతనికి డిగ్రీ ఇవ్వడం, సెలవులు మంజూరు చేయడం. ఆ సంగతి నాకు తెలుసు, డైరెక్టర్‌గారికీ తెలుసు. అయినా అతను మా విద్యార్థే కదా, ఆ ఉద్యోగం నిజమే కదా అని సర్దిచెప్పుకున్నాం. ఆ ఫ్లెక్సీ ఎండకు రంగు వెలిసి, అతని చొక్కా తెల్లబడిపోయేదాకా రెండేళ్లు అక్కడే ఉంది. అడ్మిషన్ కోసం వచ్చిన ప్రతి తల్లీతండ్రీ దాని ముందు ఒక నిమిషం ఆగేవారు.

అందుకే చెప్తున్నాను, అత్యధిక ప్యాకేజీ అనే సంఖ్యని అసలు చూడకండి. అది ఒక మనిషి కథ, మీ అమ్మాయికి దాంతో ఏ సంబంధమూ లేదు.

సగటు ప్యాకేజీ కొంచెం మేలు, కానీ అదీ మోసం చేస్తుంది. పదిమందికి ఉద్యోగాలొచ్చాయనుకోండి. తొమ్మిది మందికి ఏడాదికి 4 లక్షలు, ఒకరికి 34 లక్షలు. మొత్తం 70 లక్షలు, సగటు 7 లక్షలు. ఆ 7 లక్షల ఉద్యోగం ఎవరికి వచ్చింది? ఎవరికీ రాలేదు. మధ్యలో నిలబడ్డ మనిషికి వచ్చింది 4 లక్షలే. దాన్నే మీడియన్ అంటారు. ఏ స్కూలైనా మీడియన్ దాచి సగటు చెప్తోందంటే ఎందుకో ఊహించుకోవచ్చు.

ఇక సీటీసీ, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. 12 లక్షల సీటీసీ ఆఫర్ లెటర్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. ఒక అమ్మాయికి వచ్చినదాని లోపల ఇలా ఉంది. ఫిక్స్‌డ్ జీతం 7 లక్షల 20 వేలు. టార్గెట్ కొడితే ఇచ్చే వేరియబుల్ 1 లక్షా 80 వేలు. జాయినింగ్ బోనస్ లక్ష, అదీ ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి. రెండేళ్లు ఉంటేనే ఇచ్చే రిటెన్షన్ బోనస్ 2 లక్షలు. అన్నీ కలిపితే 12. ప్రతినెలా నికరంగా లెక్కవేసుకోదగ్గది 60 వేలు, అందులో పీఎఫ్ పోతుంది. ఆ అమ్మాయి నాన్నగారు నెలకు లక్ష వస్తుందనుకుని బ్యాంకు లోన్ వాయిదా లెక్కవేసుకున్నారు. మొదటి నెల జీతం చూసి నాకే ఫోన్ చేశారు. ఆయనకి ఏం చెప్పాలో తోచలేదు, ప్రెస్ నోట్‌లో 12 లక్షలు అని రాసింది నేనే మరి.

దీన్ని పద్ధతిగా చెప్పేవాళ్లు లేకపోలేదు. ఐఐఎం అహ్మదాబాద్ ప్లేస్‌మెంట్ వివరాలకు ఒక ప్రమాణం తయారుచేసుకుంది. ఆ రిపోర్టును ఆడిట్ చేయిస్తుంది. కచ్చితంగా చేతికొచ్చే నగదు వేరుగా, అన్నీ కలిసొస్తే గరిష్ఠంగా రాగలిగింది వేరుగా చూపిస్తుంది. మీరు చూసిన మూడింట్లో ఏదైనా ఆడిట్ చేసిన రిపోర్టు పెట్టిందేమో చూడండి. పెట్టి ఉంటే, సంఖ్యలు చిన్నవైనా సరే, నా ఓటు దానికే.

94 శాతం ఎలా వస్తుంది?

ఇది లోపలివాళ్లు తప్ప బయటివాళ్లు పట్టుకోలేని లెక్క. బ్యాచ్‌లో 120 మంది అనుకుందాం. ప్లేస్‌మెంట్లకు ముందు ఒక ఫారం ఇస్తాం: పై చదువులకు వెళ్తున్నారా, సొంత వ్యాపారమా, గ్రూప్స్‌కి తయారవుతున్నారా అని. మొదటి రెండు కంపెనీల్లో నెగ్గలేక డీలాపడ్డ పిల్లల్ని కూడా మెల్లగా ఆ ఫారం వైపు నడిపిస్తాం. అలా 30 మంది తగ్గుతారు. హాజరు లేదనీ, బ్యాక్‌లాగ్ ఉందనీ ఇంకో 20 మందికి అర్హత తీసేస్తాం. మిగిలింది 70. వాళ్లలో 66 మందికి ఆఫర్లు. 66ని 70తో భాగిస్తే 94 శాతం. అదే 66ని 120తో భాగిస్తే 55 శాతం. రెండూ నిజాలే. వెబ్‌సైట్‌లో ఏది పెడతామో మీకు తెలిసిందే.

ఒక్కో పిల్లాడికి రెండు మూడు ఆఫర్లు వస్తే "ఆఫర్లు" అని లెక్కపెట్టడం ఇంకో తంతు. "150 ఆఫర్లు" అని కనిపిస్తే, ఎంతమందికి అని అడగండి. ఫీజు తీసుకుని ట్రైనింగ్ ఇచ్చి, ఆ తర్వాత కమిషన్ మీద పాలసీలు అమ్మించే కంపెనీలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి.

ఎన్ఐఆర్ఎఫ్ పీడీఎఫ్: దీన్ని మాత్రం వదలకండి

కేంద్ర విద్యాశాఖ వాళ్ల ర్యాంకింగ్ ఇది. మొదటి జాబితా 2016లో వచ్చింది. నేను చూడమనేది ర్యాంకు కాదు. అందులో పాల్గొనే ప్రతి సంస్థా పంపిన వివరాలు పీడీఎఫ్‌గా బయట పెడతారు. సంస్థలు తమ వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి, మెనూలో ఎక్కడో అడుగున ఉంటుంది. అది తెరిస్తే ఒక పట్టిక కనిపిస్తుంది. సీట్లెన్ని, చేరిందెందరు, సకాలంలో పూర్తిచేసిందెందరు, ఉద్యోగాలు వచ్చింది ఎందరికి, మీడియన్ జీతం ఎంత, పై చదువులకు వెళ్లిందెందరు. మూడు బ్యాచ్‌ల వివరాలు పక్కపక్కనే ఉంటాయి. హారం దొరికేది ఇక్కడే.

పట్టిక చూసేటప్పుడు నేను మొదట చూసేది జీతం కాదు. సీట్లకూ చేరినవాళ్లకూ మధ్య తేడా చూస్తాను. 120 సీట్లకు మూడేళ్లుగా 115, 96, 71 మంది చేరుతున్నారంటే, ఆ ఊళ్లో పిల్లలకు ఏదో తెలిసిపోయిందన్నమాట. తర్వాత పూర్తిచేసినవాళ్ల సంఖ్యను, ఉద్యోగం ప్లస్ పై చదువుల సంఖ్యతో పోలుస్తాను. ఆ రెంటి మధ్య ఖాళీలో ఉన్నవాళ్లు ఏ ఫ్లెక్సీ మీదా ఉండరు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, స్కూల్ విడిగా మేనేజ్‌మెంట్ విభాగంలో పాల్గొనకపోతే మీకు దొరికేది యూనివర్సిటీ మొత్తానికి పంపిన పీడీఎఫ్. అందులో రెండేళ్ల పీజీ అంటే ఎంబీఏ ఒక్కటే కాదు, ఎమ్మెస్సీ, ఎంటెక్ అన్నీ ఒకే వరుసలో కలిసిపోయి ఉంటాయి. దాన్ని చూసి ఎంబీఏ గురించి ఏమీ చెప్పలేం. రెండోది, ఈ వివరాలు సంస్థలు తామే పంపుకునేవి. కానీ వెబ్‌సైట్‌లో రాసేటప్పుడు ఉండే ధైర్యం ప్రభుత్వానికి పంపే ఫారంలో ఉండదు. మా ఆఫీసులో చూసిన మాట ఇది: ఒకే ఏడాదికి ఫ్లెక్సీ మీద ఒక అంకె, ఎన్ఐఆర్ఎఫ్ ఫారంలో ఇంకో అంకె. మీరు కూడా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎంత పెద్దదైతే అంత జాగ్రత్తపడండి.

గుర్తింపులు, సభ్యత్వాలు

మీరు చెప్పిన రెండో స్కూల్ సంగతికి వస్తాను. "అంతర్జాతీయ సంస్థలో సభ్యత్వం" అన్న మాట దగ్గర ఆగండి. బిజినెస్ స్కూళ్లకు ప్రపంచంలో పెద్ద గుర్తింపులు మూడు. అమెరికాకి చెందిన ఏఏసీఎస్‌బీ, ఇది 1916 నుంచీ ఉంది. యూరప్ నుంచి ఈక్విస్. లండన్ నుంచి ఆంబా, ఇది 1967లో పుట్టింది. మూడూ ఉంటే "ట్రిపుల్ క్రౌన్" అంటారు. మన దేశంలో మొదట ఐఐఎం కలకత్తా దాన్ని సాధించింది, గచ్చిబౌలి ఐఎస్‌బీకి కూడా మూడూ ఉన్నాయి. ఇవి రావడానికి ఏళ్లు పడుతుంది. ఎవరు ఏం బోధిస్తున్నారు, ఎంతమంది పూర్తికాలపు అధ్యాపకులు, పరిశోధన ఎంత, పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నారా అని తవ్వి తవ్వి అడుగుతారు. ఇచ్చిన తర్వాత కూడా ఊరుకోరు. ఈక్విస్ అయితే మూడేళ్లకో ఐదేళ్లకో మళ్లీ వచ్చి చూస్తుంది.

సభ్యత్వం మాత్రం అలాంటిది కాదు. ఏటా చందా కట్టి సభ్యులుగా చేరొచ్చు. చేరడం తప్పేమీ కాదు, గుర్తింపు వైపు మొదటి మెట్టు అదే. కానీ ప్రెస్ నోట్‌లో "సభ్యత్వం" అన్న ముక్కని చిన్న అక్షరాల్లో వేసి, ఆ సంస్థ లోగోని పెద్దగా వేస్తాం. చదివేవాళ్లకి గుర్తింపు వచ్చేసిందన్న భావన కలుగుతుంది. ఆ సంస్థల వెబ్‌సైట్లలో గుర్తింపు పొందిన స్కూళ్ల జాబితా ఉంటుంది. రెండు నిమిషాల పని, పేరు ఉందో లేదో చూడండి.

మన దగ్గరి గుర్తింపులకు వస్తే, న్యాక్ కాలేజీ లేదా యూనివర్సిటీ మొత్తానికి గ్రేడు ఇస్తుంది, ఎన్‌బీఏ ఒక్కో కోర్సుకు గుర్తింపు ఇస్తుంది. యూనివర్సిటీకి న్యాక్ అత్యున్నత గ్రేడు ఏ డబుల్ ప్లస్ ఉన్నంత మాత్రాన అందులో ఎంబీఏ విభాగం బావుందని కాదు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ పుణ్యాన వచ్చిన గ్రేడు కూడా కావచ్చు. ఎంబీఏకి విడిగా ఎన్‌బీఏ ఉందా, ఉంటే మూడేళ్లకా ఆరేళ్లకా, గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్నవి అడగండి. ఆరేళ్లకు ఇచ్చారంటే గట్టిగానే ఉన్నట్టు. న్యాక్ గ్రేడునీ కళ్లు మూసుకుని నమ్మమనను. 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు జిల్లాలో తనిఖీకి వచ్చిన బృందంలోని వాళ్లనే లంచం ఆరోపణలపై సీబీఐ అరెస్టు చేసిన సంగతి మీరూ పేపర్లో చదివే ఉంటారు.

ర్యాంకులు

ర్యాంకుల మీద నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. పత్రికల ర్యాంకుల్లో చాలావాటికి స్కూళ్లే ఫారం నింపి పంపుతాయి. అదే పత్రికలో అదే నెల స్కూల్ వాణిజ్య ప్రకటన కూడా వస్తుంది. ఫైనాన్షియల్ టైమ్స్ లాంటి వాళ్లు కొంత నయం. వాళ్లు చదువు ముగిసి మూడేళ్లయిన పూర్వ విద్యార్థులనే నేరుగా అడుగుతారు, ఏఏసీఎస్‌బీ గానీ ఈక్విస్ గానీ లేని స్కూళ్లని అసలు తీసుకోరు.

మన దగ్గరే ఇలా అనుకోకండి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ ఫాక్స్ బిజినెస్ స్కూల్ కథ మా రంగంలో అందరికీ తెలిసిందే. వాళ్ల ఆన్‌లైన్ ఎంబీఏ 2015 నుంచి 2018 వరకూ వరుసగా నాలుగేళ్లు దేశంలో మొదటి ర్యాంకు. ఎన్ని సంబరాలు చేసుకున్నారో చెప్పక్కర్లేదు. 2018 జనవరిలో బయటపడింది: కొత్తగా చేరిన 255 మందీ జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) స్కోరు ఇచ్చారని పంపారు, నిజంగా ఇచ్చింది 50 మంది. ర్యాంకు తీసేశారు. తవ్వితే ఇంకా చాలా బయటపడ్డాయి. మాజీ డీన్ మోషే పోరాట్‌ని 2021 నవంబర్‌లో కోర్టు దోషిగా తేల్చింది, 2022లో 14 నెలల జైలు శిక్ష పడింది. ఇక్కడ కూడా చూడండి, గొడవంతా హారం దగ్గరే. 50 మంది స్కోర్ల సగటుని 255 మంది సగటుగా చూపించారు.

ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో టీ తాగుతూ అందరం నవ్వుకున్నాం. నవ్వయ్యాక ఎవరి సీట్లోకి వాళ్లం వెళ్లి, ఎవరి ఎక్సెల్ షీటు వాళ్లం ఒకసారి తెరిచి చూసుకున్నాం.

ఎంఓయూలు

దీనికి ఎక్కువ టైం వద్దు. ఎంఓయూ అంటే కలిసి ఏదైనా చేద్దాం అని అనుకోవడం. ఫోటోలో ఇద్దరు పెద్దలు పట్టుకునే నీలం ఫోల్డర్‌లో ఒక్కోసారి తెల్లకాగితాలే ఉంటాయి, అసలు కాగితాలు తర్వాత కొరియర్‌లో వస్తాయి. ఒకసారి పనిలేక మా దగ్గరున్న 38 ఎంఓయూలు లెక్కవేశాను. వాటివల్ల ఒక్క విద్యార్థైనా ఇంటర్న్‌షిప్‌కి వెళ్లింది 5 చోట్లకి. మిగిలినవాటిలో చాలావాటి గడువు అయిపోయింది, వెబ్‌సైట్‌లో మాత్రం ఉన్నాయి. కాబట్టి 41 అన్న సంఖ్యని మరిచిపోయి, "పోయిన వేసవిలో ఏ ఎంఓయూ కింద ఎంతమంది ఎక్కడికి ఇంటర్న్‌షిప్‌కి వెళ్లారు?" అని ఒక్క ప్రశ్న అడగండి.

రజతోత్సవాలు, స్వర్ణోత్సవాలు

వయసు గొప్పే. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏ 1957లో మొదలైంది. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు పుట్టింది 1961లో. విశాఖలో చదివినవాళ్లు ఈ మాట గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. అదే క్యాంపస్‌లో 2015లో ఐఐఎం విశాఖపట్నం తరగతులు మొదలయ్యాయి, తర్వాత గంభీరంలో సొంత క్యాంపస్ వచ్చింది, 2024 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. ఇల్లు కట్టుకునేదాకా పొరుగింట్లో ఉన్నట్టు. ఇలాంటి మైలురాళ్లు నిజమైనవే, చరిత్రలో నిలిచేవే.

అయితే మీ అమ్మాయి చేరేది చరిత్రలో కాదు, ఈ ఏడాది మొదటి సెమిస్టర్‌లో. పాతికేళ్ల స్కూల్ అయితే అడగాల్సింది వేరే: పోయిన ఐదేళ్లలో ఎంతమంది ప్రొఫెసర్లు రిటైరయ్యారు, వాళ్ల స్థానంలో ఎంతమంది వచ్చారు? మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఇదే పెద్ద జబ్బు. నేను పనిచేసిన చోట మంజూరైన పోస్టులు 14, రెగ్యులర్‌గా ఉన్నవాళ్లు 6. మిగతాదంతా గెస్ట్ ఫ్యాకల్టీ మోసేవాళ్లు. వాళ్లలో కొందరు అద్భుతంగా చెప్పేవాళ్లు, కానీ మధ్యలో డిగ్రీ లెక్చరర్ ఉద్యోగం వస్తే వెళ్లిపోయేవాళ్లు. ఒక సెమిస్టర్‌లో ఫైనాన్స్ సబ్జెక్టుకి ముగ్గురు మారారు. రిటైర్మెంట్ సభకు శాలువాలు కప్పి రెండు పేజీల వార్త వేశాం. ఖాళీ అయిన కుర్చీ గురించి ఒక్క లైనూ వేయలేదు.

పూర్వ విద్యార్థుల ఘనతలు

సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినప్పుడు ఎన్ని సంస్థలు "మావాడే" అన్నాయో గుర్తుందా? హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, మణిపాల్, అమెరికాలో విస్కాన్సిన్ మిల్వాకీ, చికాగో బూత్ బిజినెస్ స్కూల్. అందరిదీ నిజమే. బూత్‌లో ఎంబీఏ ఆయన మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తూనే శని ఆదివారాలు చికాగో వెళ్లి చదివి 1997లో పూర్తిచేశారు. అంత దూరం, అంత పట్టుదల ఉన్న మనిషి ఎక్కడ చదివినా ఎక్కడికో చేరేవాడే అనిపిస్తుంది నాకు. పెద్ద పేరున్న పూర్వ విద్యార్థి వల్ల మీ అమ్మాయికి ఒరిగేది తక్కువ. నాలుగైదేళ్ల సీనియర్లు ఏం చేస్తున్నారన్నదే ఆమెకు అక్కరకొస్తుంది.

ఇక్కడ మా ఆఫీసు సూపరింటెండెంట్ మేడమ్ గురించి చెప్పాలి. ఆవిడ దగ్గర ఎర్ర అట్ట ఉన్న పొడుగాటి లెడ్జర్ ఒకటి ఉండేది. ఏ బ్యాచ్ పిల్లలైనా సర్టిఫికెట్ కోసం వస్తే, "ఇప్పుడెక్కడ చేస్తున్నావు బాబూ, నెంబరు అదేనా?" అని అడిగి అందులో రాసుకునేవారు. పాత అడ్రసు మీద అడ్డగీత, పక్కన కొత్త ఉద్యోగం, పెన్సిల్‌తో తేదీ. ఒక్కో పేరు పక్కన నాలుగైదు కొట్టివేతలు. ప్లేస్‌మెంట్ సెల్ సాఫ్ట్‌వేర్‌లో లేని సమాచారమంతా ఆ పుస్తకంలో ఉండేది. "అలుమ్ని కబుర్లు" కాలమ్ రాయడానికి నేను నెలనెలా ఆ లెడ్జర్ ముందు కూర్చునేవాణ్ని.

అందులో ఒకరోజు ఒక ఎంట్రీ దొరికింది. 2009 బ్యాచ్ కుర్రాడు వరంగల్ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ నడుపుతున్నాడు. అతని దగ్గర మా జూనియర్లు నలుగురు పనిచేస్తున్నారు, ఒకమ్మాయి అకౌంట్స్ మొత్తం చూస్తోంది. ఫోన్ చేస్తే, "ఇంకో ఇద్దరు కావాలి, మార్కులొద్దు, సీజన్‌లో ఆదివారాలు కూడా వచ్చేవాళ్లను పంపండి" అన్నాడు. న్యూస్‌లెటర్‌లో అతనికి దక్కింది మూడు లైన్లు. ఆ సంచికలో ముందు పేజీ మొత్తం ఒక సినిమా నటుడు కాలేజీ ఫెస్ట్‌కి వచ్చిన ఫోటో. ఆ పేజీ కూర్చింది నేనే కాబట్టి ఎవర్నీ అనలేను.

కాబట్టి వార్తల పేజీలో అడుగున, చిన్న అక్షరాల్లో ఉండేవి చదవండి. కొత్త అధ్యాపకుల చేరిక. సిలబస్ మార్పు, అందులో ఏం తీసేశారు, ఏం పెట్టారు. ఎవరికైనా పీహెచ్‌డీ వచ్చిందా. పిల్లలు రాసిన ప్రాజెక్టు రిపోర్టు ఏ కంపెనీలో, ఏ సమస్య మీద. పాత బ్యాచ్ వాళ్లు వచ్చి క్లాసు చెప్పారా, ఒక్కసారేనా, ఏటా వస్తున్నారా. ఇలాంటి వార్తలు ఫ్లెక్సీ మీదకు ఎక్కవు, ఎవరూ పెంచి రాయాలనుకోరు కూడా.

మీ మూడు స్కూళ్ల గురించి

పేర్లు మీరు రాయలేదు, మంచిపనే చేశారు. ఇచ్చిన వివరాల మీదే చెప్తాను. మొదటిదాన్ని 94 శాతం చూసి ఎంచుకోకండి, అలాగని కొట్టిపారేయకండి. ఎన్ఐఆర్ఎఫ్ పట్టికలో పూర్తిచేసినవాళ్లలో మూడింట రెండొంతుల మందికి ఉద్యోగాలు ఉండి, మీడియన్ మూడేళ్లుగా పడిపోకుండా ఉంటే అది మంచి స్కూలే. రెండోదాని అంతర్జాతీయ సభ్యత్వాన్ని పక్కన పెట్టి ఎన్‌బీఏ ఉందేమో చూడండి. మూడోది పాతికేళ్లది కాబట్టి, రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమందో అడగండి. సమాధానం బావుంటే నేనైతే దానివైపే మొగ్గుతాను. పాతికేళ్ల సీనియర్లు ఉన్న చోట, వాళ్లని ఎవరో ఒకరు లెడ్జర్‌లో రాసిపెట్టి ఉంటే, ఇంటర్న్‌షిప్‌లు దొరకడం తేలిక.

ఫీజు మాట కూడా. కన్వీనర్ కోటాలో సీటొచ్చి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తే పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు, రెండేళ్లకు పెద్ద నష్టం లేదు. మేనేజ్‌మెంట్ కోటాకి లక్షలు కట్టాల్సి వస్తే మాత్రం, పైన చెప్పిన మీడియన్ జీతంలో ఎన్ని నెలలకు అది తిరిగొస్తుందో కాగితం మీద రాసుకుని చూడండి.

పిల్లలతో ఫోన్ మీరు కాదు, మీ అమ్మాయినే చేయమనండి. తండ్రులతో వాళ్లు మర్యాదగా "బావుందండీ" అని ఊరుకుంటారు. ప్లేస్‌మెంట్ సెల్ ఇచ్చిన నెంబర్లు వద్దు, అవి మేం ఏరి ఇచ్చేవి. లింక్డిన్‌లో స్కూల్ పేరు కొట్టి, రెండో సంవత్సరం వాళ్లు ఇద్దరు, బయటికొచ్చి రెండేళ్లయినవాళ్లు ఇద్దరు పట్టుకుంటే చాలు. "ఎలా ఉంది?" అని అడగొద్దు. "మొన్న ఏ కంపెనీలు వచ్చాయి, మీ సెక్షన్‌లో ఇంకా ఉద్యోగం రానివాళ్లు ఎంతమంది?" అని అడగమనండి. ఆ రెండో ప్రశ్నకు అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి, పేర్లు గుర్తుచేసుకుంటూ వేళ్ల మీద లెక్కపెడతారు. ఆ లెక్క రాసుకోమనండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు మూడు స్కూళ్ల ఎన్ఐఆర్ఎఫ్ పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసి ఇక్కడ పెట్టండి, పేర్లు కొట్టేసి అయినా సరే. ఆదివారం ఖాళీగానే ఉంటాను, పక్కపక్కన పెట్టి చూద్దాం.